ఖననం, ఉత్ఖననం

జొన్న బాగా పండిన ఏడు రాయలసీమ రైతు గింజల్ని పాతర వేసేవాడు. నీళ్లు నిలవని మెట్ట చూసి, నిలువెత్తు గొయ్యి తీసి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి గింజలు పోసేవారు. పైన మళ్లీ గడ్డి వేసి, మట్టి కప్పి, గట్టిగా మెత్తేవారు. కరువొచ్చిన ఏడు ఆ పాతర తీసేవారు. మూత తీయగానే ఎవరూ లోపలికి దిగేవారు కాదు. లోపల మగ్గిన చెడుగాలి పోయేదాకా కాచుకునేవారు. తొందరపడి దిగి, ఊపిరాడక ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల సంగతులు కర్నూలు, కడప పల్లెల్లో పాతతరానికి తెలుసు. పాతిపెట్టడం కంటే పాతినదాన్ని పైకి తీయడమే ఎక్కువ జాగ్రత్త కోరే పని అని వాళ్లకు ఇంకొకరు చెప్పనక్కరలేదు.

బనగానపల్లెలో ఇంకో రకం పాతర ఉంది. పోతులూరి వీరబ్రహ్మంగారు కాలజ్ఞానం రాసిన తాళపత్రాలను నేలలో పాతర వేసి, దానిమీద చింతమొక్క నాటారని సంప్రదాయం చెబుతుంది. ఆ చింతమానుకు ఇవాళ్టికీ భక్తులు మొక్కుతారు. జొన్నపాతర తీయడానికే వేసినది. ఇది తీయకూడని పాతర. ఒకే మాట, రెండు మర్యాదలు. నేలలో ఉన్నదాన్ని ఎప్పుడు తీయాలి, ఎవరు తీయాలి, ఎలా తీయాలి అనే ప్రశ్నలు శాస్త్రవేత్తలు సీమకు రాకముందే ఇక్కడ ఉన్నాయి.

నేలలో పూడిపోయిన శరీరాలను, ఎముకలను, ఊళ్లను పైకి తీసే పనిని శాస్త్రగ్రంథాల్లో ఉత్ఖననం అంటున్నాం. ఈ మాట పుట్టుకలో ఒక చిక్కుంది, ముందు దాన్ని విప్పుకోవాలి.

పత్రికలో ‘మృతదేహాన్ని ఖననం చేశారు’ అని చదివితే పూడ్చిపెట్టారని అర్థం చేసుకుంటాం. మన వాడుకలో దహనం కాకపోతే ఖననం. సంస్కృతంలో ‘ఖన్’ ధాతువుకు అసలు అర్థం తవ్వడం. ఖని అంటే తవ్వే చోటు. ప్రకృతి వికృతుల పాఠంలో పిల్లలు చదువుకునే ‘ఖని–గని’ అదే. గనిలో పుట్టినది ఖనిజం. తవ్వే పనిముట్టు ఖనిత్రం; ఈ మాట ఋగ్వేదంలోనే ఉంది. తవ్వేవాడు ఖనకుడు. లక్కయింట్లో ఉన్న పాండవులు ప్రాణాలతో బయటపడేందుకు బిలం తవ్వమని విదురుడు పంపిన మనిషిని భారతం ఖనకుడనే అంటుంది. శవాన్ని పూడ్చాలంటే ముందు గొయ్యి తవ్వాలి కాబట్టి తవ్వడానికి పెట్టిన పేరు పూడ్చడానికి కూడా చెల్లింది. తెలుగులో ఆ రెండో అర్థమే నిలబడిపోయింది. అందుకని పైకి తీయడాన్ని విడిగా చెప్పాల్సి వచ్చినప్పుడు ‘ఉత్’ అనే ఉపసర్గ అక్కరకొచ్చింది. ఉత్థానంలో, ఉద్ధరణలో ఉన్న ఉపసర్గ అది. పైకి అని దాని అర్థం. పార కిందికి దిగుతుంది, మాట మాత్రం పైకి చూస్తుంది.

లాటిన్ ఇంకో దారి పట్టింది. ఆ భాషలో మట్టిని ‘హ్యూమస్’ అంటారు. దాని ముందు బయటికి అనే అర్థమిచ్చే ‘ఎక్స్’ చేర్చితే, మట్టిలోంచి బయటికి తీయడమనే మాట తయారైంది. ఇంగ్లీషువాళ్ల ‘ఎగ్జ్యూమ్’ అక్కడి నుంచి వచ్చినదే. సంస్కృతం చేసే పనిని చూసి పేరు పెడితే, లాటిన్ మట్టిని చూసి పెట్టింది. నాకు వీటన్నిటికన్నా ముచ్చటైనది ‘ఫాసిల్’ అనే మాట. లాటిన్‌లో ‘ఫొడెరె’ అంటే తవ్వడం, ‘ఫాసిలిస్’ అంటే తవ్వి తీసినది. 1546లో జర్మన్ పండితుడు అగ్రికోలా ఈ మాట పేరులోనే పెట్టుకుని ఒక పెద్ద గ్రంథం రాశాడు. అందులో ఎక్కువభాగం లోహపు రాళ్లు, ఉప్పులు, రత్నాలే. భూమిలోంచి తీసినదేదైనా అప్పట్లో ఫాసిలే. అంటే మన ‘ఖనిజం’, వాళ్ల ‘ఫాసిల్’ ఒకప్పుడు ఒకే అర్థం ఉన్న మాటలు. తర్వాత అక్కడ ఆ మాట రాయిగా మారిన జీవికి మిగిలిపోయింది; ఆ అర్థానికి మనం శిలాజం అని కొత్తగా పేరు పెట్టుకున్నాం.

ఇక చట్టం. పూడ్చిన శవాన్ని తిరిగి తీయించే అధికారం మెజిస్ట్రేటుకు ఉంది. పాత నేర విచారణ స్మృతిలో 176వ సెక్షను మూడో ఉపవిభాగం, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 196వ సెక్షను ఆ సంగతి చెబుతాయి. మన దగ్గర సాధారణంగా తహసీల్దారు దగ్గరుండి తీయిస్తారు. గొయ్యి ఎక్కడుంది, ఎంత లోతు, శవం ఏ దిక్కుగా ఉంది, ఒంటిమీద ఏమున్నాయి అని పంచనామా రాస్తారు. ఆ కాగితం లేకపోతే బయటికి తీసిన శరీరం కోర్టులో ఏమీ చెప్పలేదు. పురాతత్వ ఉత్ఖననం కూడా పంచనామాతో సాగే తవ్వకమే. మామూలు తవ్వకానికీ దీనికీ తేడా పనిముట్లలో లేదు, ఆ కాగితంలో ఉంది. మిగతా అధ్యాయమంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

శ్రీశైలం కొండ ఎక్కేటప్పుడు రోడ్డు పక్క కనిపించే గట్టి రాయి క్వార్ట్‌జైట్. భూగర్భ శాస్త్రంలో దానికి శ్రీశైలం పేరే పెట్టారు. ఇసుక బిగుసుకుని రాయిగా మారినది. నల్లమల దాటి పడమటికి, బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు వస్తే రాయి మారుతుంది. అక్కడ పలకలు పలకలుగా లేచే సున్నపురాయి. కడప జిల్లాలోని నార్జి ఊరి పేరుతో దాన్ని నార్జి సున్నపురాయి అంటారు. మన ఇళ్లల్లో పరుచుకునే బేతంచెర్ల బండలు ఈ ప్రాంతం నుంచి వచ్చేవే. రెండూ నేలమీద ఎముకలున్న జంతువు పుట్టకముందటి రాళ్లు. అయినా ఎముకల విషయంలో రెంటికీ చాలా తేడా ఉంది. ఎముకలో గట్టిదనం కాల్షియం ఫాస్ఫేటు వల్ల వస్తుంది. ఆమ్లగుణమున్న నీళ్లు దాన్ని మెల్లగా కరిగించేస్తాయి. క్వార్ట్‌జైట్ మీది పల్చటి అడవి మట్టిలో, కుళ్లిన ఆకుల కింద, ఎముక ఎంతో కాలం నిలవదు. సున్నపురాతి గవిలో ఊరే నీళ్లలో సున్నం నిండా ఉంటుంది కాబట్టి అక్కడి మట్టిలో పడిన ఎముక కరగదు. సున్నం పైన పెచ్చుకట్టి దాన్ని కాపాడుతుంది కూడా. శ్రీశైలం అడవుల్లో ఒకప్పుడు ఏ జంతువులు తిరిగాయో తెలుసుకోవాలంటే పడమటి గవుల్లో వెతకాల్సి రావడానికి కారణం ఇదే.

అలాంటి గవి బేతంచెర్ల దగ్గరి బిలస్వర్గం. ఇంగ్లీషు రికార్డుల్లో ‘బిల్ల సుర్గం’ అని ఉంటుంది. 1844లో మద్రాసు సైన్యంలో పనిచేసే కెప్టెన్ న్యూబోల్డ్ అక్కడ మట్టిలో ఎముకలున్నాయని ఆసియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. దాదాపు నలభై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. డార్విన్ పక్షాన గట్టిగా నిలబడ్డ హక్స్‌లీ ఆ పాత వ్యాసాన్ని గుర్తుపెట్టుకుని, మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు ఈ గుహల సంగతి చెప్పాడు. 1883లో రాబర్ట్ బ్రూస్ ఫుట్‌ను పంపారు. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1863 మే 30న, మద్రాసు పక్కన పల్లావరంలో పాతరాతియుగపు చేతిగొడ్డలిని గుర్తించి ఈ దేశపు మానవ చరిత్రను ఒక్కసారిగా వెనక్కి జరిపిన మనిషి ఆయనే. ఆయన మొదలుపెట్టిన పనిని 1884లో కొడుకు హెన్రీ ఫుట్ కొనసాగించాడు. అతను ఫిరంగి దళంలో లెఫ్టినెంటు.

ఫుట్ పెట్టిన పేర్లు చూడండి. ఒక గవి ‘కెథీడ్రల్’, ఒకటి ‘చాప్టర్ హౌస్’, ఒకటి ‘పర్గేటరీ’. అన్నీ చర్చి మాటలే. ఎముకలు గుట్టలుగా దొరికిన గవిని ‘చార్నెల్ హౌస్’ అన్నాడు. యూరపులో శ్మశానం చాలనప్పుడు పాత సమాధులు తవ్వి, ఎముకల్ని తీసి ఒకచోట పోగేసి పెట్టే కొట్టు అది.

ఆ ఎముకల్ని రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించి 1886లో వివరాలు ప్రచురించాడు. దుమ్ములగొండి, ఏదుపంది, అడవిపంది, పునుగుజాతి జంతువు, కోతులు, గాడిద జాతి జంతువు, ఖడ్గమృగం. కొన్నిటికి కర్నూలు పేరే పెట్టాడు. ‘రైనోసెరాస్ కర్నూలియెన్సిస్’ అంటే కర్నూలు ఖడ్గమృగం. ఇవాళ ఖడ్గమృగం పేరెత్తితే మనకు అస్సాం చిత్తడినేలలు గుర్తొస్తాయి. ఎండకు బండలు పగిలే బేతంచెర్లలో అది తిరిగిందంటే అప్పటి గడ్డి, నీళ్లు, వానలు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు. ఆ ఊహకు ఆధారం ఒక గవి మట్టిలో దొరికిన కొన్ని ఎముకలు.

ఎముకల మీద గీతలు కనిపించాయి, మొన తేలిన ముక్కలు దొరికాయి. మనిషి చెక్కిన పనిముట్లు ఇందులో ఉన్నాయని ఫుట్ నమ్మాడు. తరువాతివారిలో కొందరికి ఆ నమ్మకం కుదరలేదు. వాళ్ల సందేహానికి మంచి కారణమే ఉంది. ఏదుపంది ఎముకల్ని పోగుచేసుకునే జంతువు. ఎక్కడెక్కడి ఎముకల్నో నోట కరుచుకుని గవిలోకి తెచ్చి, తీరుబడిగా కొరుకుతుంది. పళ్లు అరగదీసుకోవడానికి కొంత, ఉప్పు కోసం, సున్నం కోసం కొంత. కొరికిన చోట వెడల్పాటి గాట్లు జంటజంటగా, పక్కపక్కన, చెక్కుడు ఉలితో గీసినట్టు పడతాయి. అంచు చుట్టూ కొరుకుతూ పోతే ఎముక ముక్కకు మొన కూడా వస్తుంది. రాతి కత్తితో మాంసం కోసిన మనిషి గీత అలా ఉండదు. సన్నగా, లోతుగా, అడుగున కోసుగా ఉంటుంది. కీలు దగ్గరో, కండ అతుక్కున్న చోటో ఉంటుంది. గీత ఏదో, గాటు ఏదో తేల్చాలంటే ఎముకను భూతద్దం కింద పెట్టాలి. దాని పక్కన ఏమేం దొరికాయో, బొగ్గు ఉందా, రాతి పెచ్చులు ఉన్నాయా అనేది కూడా తెలియాలి. ఎముకను మాత్రమే ఇంటికి తెచ్చుకున్నవాడికి ఈ వివరం తెలిసే దారి లేదు.

ఆ చుట్టుపక్కలే ముచ్చట్ల చింతమాను గవి ఉంది. 1970ల్లో ఎం.ఎల్.కె. మూర్తి అక్కడ తవ్వారు. ఎముకతో చేసిన పనిముట్లు, రాతి పనిముట్లతో కలిసి, ఒకే పొరలో దొరికాయి. ఆ పొరలో ఒక పొయ్యి కూడా ఉంది. నిప్పుకు కాలిన మట్టిని పరీక్షిస్తే సుమారు 17,000 ఏళ్లనాటిదని తేలింది. ఫుట్ చెప్పినదానికి బలం చేకూరడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది. అందుకు ఎముకలతోపాటు పొయ్యి కావాల్సి వచ్చింది.

బిలస్వర్గంలో కథ అక్కడితో ఆగలేదు. ఈ శతాబ్దంలో రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం ఆ గవులకు తిరిగి వెళ్లింది. ఫుట్ తండ్రీకొడుకులు చాలా మట్టి తీసేశారు. కొలతలు రాసుకున్నారు గానీ ఇవాళ్టి పద్ధతులు అప్పుడు లేవు. వాళ్లు ముట్టని చోట్లు, పొరలు కనిపించేలా మిగిలిన మట్టిగోడలు కొత్తవాళ్లకు దారి చూపాయి. 2014లో వెలువడిన ఫలితం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. అక్కడ గుర్తుపట్టిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు కనీసం లక్ష ఏళ్లుగా ఈ ఉపఖండంలో కొనసాగుతూనే ఉన్నాయి. కొన్నిటి జాడ రెండు లక్షల ఏళ్ల వెనక్కి పోతుంది. అదే కాలంలో అమెరికా ఖండాల్లో, ఆస్ట్రేలియాలో పెద్ద జంతువులు ఎన్నో పూర్తిగా అంతరించిపోయాయి. మన దగ్గర చోట్లు మారాయి, అడవులు ముక్కలయ్యాయి, జంతువులు మాత్రం ఎక్కడో ఒకచోట నిలదొక్కుకున్నాయి. లక్ష ఏళ్ల కరువులను, వానలను తట్టుకున్న వాటిని గత రెండు వందల ఏళ్లలో మనం ఏ దశకు తెచ్చామో నల్లమల అటవీ సిబ్బందికి బాగా తెలుసు.

యాగంటికి దగ్గర్లో, జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. ఆ ఊరివాళ్లు చాలాకాలంగా తెల్లటి మెత్తని పొడిని నేలలోంచి తవ్వి అమ్ముతుండేవారు. అది ఇక్కడి మట్టి కాదు. సుమారు 74,000 ఏళ్ల కిందట, ఇక్కడికి 2,600 కిలోమీటర్ల దూరంలో, సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగసిన బూడిద. గాలి కొంత తెచ్చి రాల్చింది. చుట్టుపక్కల రాలినదాన్ని వాగులు ఊడ్చుకొచ్చి లోయలో పేర్చాయి. కొన్నిచోట్ల పొర రెండు మీటర్లు దాటింది. ఊరి పేరు జ్వాలాపురం కావడం కాకతాళీయమే. పొడి కోసం కూలీలు తవ్విన గుంతల గోడల్లో పైన ఎర్రమట్టి, నడుమ తెల్లటి పట్టీ, కింద మళ్లీ మట్టి స్పష్టంగా కనిపించాయి. పరిశోధకులు తవ్వి చూస్తే బూడిద కింద రాతి పనిముట్లు ఉన్నాయి, బూడిద పైనా ఉన్నాయి. రెంటి తయారీ పద్ధతిలో పెద్ద తేడా లేదు. ఆ ఉత్పాతాన్ని తట్టుకుని మనుషులు ఈ లోయలో బతికి ఉండాలని 2007లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. వాళ్లు మన జాతి మనుషులేనా, అంతకు ముందటి జాతివాళ్లా అనే వాదం ఇంకా నడుస్తోంది.

ఇక్కడ మట్టి వయసు కట్టిన తీరు తెలుసుకోవలసినది. ఇసుకరేణువు నేలలో పూడి ఉన్నంతకాలం చుట్టూ ఉన్న సహజ రేడియోధార్మికత వల్ల దానిలో కొంత శక్తి కొద్దికొద్దిగా చేరుతూ ఉంటుంది. ఎండ తగిలితే అదంతా నిమిషాల్లో ఖాళీ అయిపోతుంది. కాబట్టి రేణువులో ఎంత శక్తి చేరిందో కొలిస్తే అది చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో తెలుస్తుంది. దీనికి నమూనా తీసేవాడు తవ్విన గుంత గోడను నున్నగా చెక్కి, ఒక లోహపు గొట్టాన్ని అడ్డంగా సుత్తితో దిగగొడతాడు. గొట్టం నిండగానే రెండు కొసలూ వెలుగు సోకకుండా మూసి, నల్ల కవరులో చుట్టి, ఏ పొర, ఎంత లోతు, ఏ దిక్కు అని చీటీ కడతాడు. ప్రయోగశాలలో మసక ఎర్రదీపం వెలుగులో మాత్రమే దాన్ని విప్పుతారు. గుంతలోనే ఒకరు పొరపాటున మూత తీస్తే ఆ గొట్టం ఇక దేనికీ పనికిరాదు. మనకు ఒక్క క్షణం వెలుగు పడటంగా కనిపించేది, ఆ రేణువుకు డెబ్బై వేల ఏళ్ల లెక్క చెరిగిపోవడం.

తవ్వకంలో ఈ లక్షణం అంతటా ఉంది. ఒక పొరను ఒక్కసారే తవ్వగలం. పుస్తకాన్ని మళ్లీ చదవొచ్చు గానీ తీసేసిన పొరను తిరిగి పరవలేం. అందుకే తవ్వేవాళ్లు నేలను చదరాలుగా గీసుకుంటారు. నడుమ గట్లు వదులుతారు. కింది పొర పాతది, పై పొర కొత్తది అని 1669లో స్టెనో చెప్పిన సూత్రాన్ని పట్టుకుని గోడల్లో పొరల గీతలు గీస్తారు. తీసిన మట్టిని జల్లెడ పడతారు. మన నేలలో ఈ క్రమశిక్షణను స్థిరపరిచినవాడు మార్టిమర్ వీలర్. సీమకు పొరుగునే ఉన్న చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరిలో 1947లో ఆయన తవ్వి, దక్షిణ భారత చరిత్రపూర్వ యుగాలకు వరుస కట్టాడు.

శాస్త్రం పేరుతో కాకపోయినా, పెద్దల ఎముకలను తిరిగి చేతికి తీసుకున్నవాళ్లు ఇనుపయుగంలోనే ఉన్నారు. సీమలో రాకాసి గుళ్లు అని పిలిచే రాతిపలకల సమాధుల్లో చాలావాటిలో శరీరం మొత్తం ఉండదు. చనిపోయినవారిని కొంతకాలం వేరేచోట ఉంచి, కండ పోయాక ఎముకలను ఏరి తెచ్చి, మట్టి పేటికలో పెట్టి పూడ్చేవారు. కడప జిల్లా శంఖవరంలో దొరికిన జంతువు ఆకారపు మట్టిపేటిక చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. కాళ్లున్న ఆ పేటికను చూస్తే, దాన్ని చేసిన కుమ్మరికి చనిపోయినవారి మీద ఎంత గౌరవమో అర్థమవుతుంది.

శ్రీశైలానికి వస్తే, ఇక్కడ పూడ్చినది నీరు. 1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు 1980ల మొదట్లో నీటిని నిలబెట్టింది. పూర్తి మట్టం 885 అడుగులు. కృష్ణ, తుంగభద్రల వెంట వందకు పైగా ఊళ్లు మునిగాయి. 1981లో ఇళ్లు కూలగొట్టి జనాన్ని తరలించిన తీరు ఆ తరం మరిచిపోలేదు. గుళ్లకు మాత్రం కొంత ఆలోచన జరిగింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి ఆలంపురంలో తిరిగి కట్టారు. పాపనాశి గుళ్ల సముదాయాన్ని కూడా ఆలంపురం దగ్గరికే చేర్చారు. రూపాల సంగమేశ్వరాన్ని కర్నూలు పక్కన జగన్నాథ గట్టు మీదికి తెచ్చారు. సప్తనదుల సంగమేశ్వరం మాత్రం తన చోటనే మిగిలింది. ఏటా వేసవిలో నీరు తీసినప్పుడు బయటికొచ్చి, వేపచెక్క లింగానికి పూజలందుకుని, వరద రాగానే మునిగిపోతుంది.

మునిగేలోపు కొన్నిచోట్ల తవ్వారు. ముఖ్యమైనది కృష్ణ ఒడ్డున వీరాపురం. హైదరాబాదులోని బిర్లా పురావస్తు సంస్థ తరఫున టి.వి.జి. శాస్త్రి బృందం అక్కడ కొత్తరాతి యుగం నుంచి చారిత్రక యుగం దాకా వరుసగా పొరలు చూసింది. మహారథుల నాణేలు, ఇటుకలతో కట్టిన తొలికాలపు శివాలయాల ఆనవాళ్లు దొరికాయి. శ్రీశైల క్షేత్రం చుట్టూ శైవం ఎంత పాతదో తెలుసుకోవడానికి ఇది ఆధారం. ఆ బృందాన్ని ఒక విషయంలో ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. నివేదిక 1984లోనే పుస్తకంగా వచ్చేసింది. దిగువన నాగార్జునకొండ సంగతి వేరు. 1954 నుంచి 1960 దాకా అక్కడ జరిగిన మహా ఉత్ఖననం మొదటి సంపుటం 1975లో, రెండోది 2006లో వెలువడ్డాయి. ఆ తవ్వకాలు ముగిసిననాటికి పుట్టిన పిల్లలకు అప్పటికి నలభై ఆరేళ్లు. మ్యూజియం చాలా అందంగా ఉంది, కాదనను. నివేదిక రానంతకాలం తీసినది మళ్లీ పూడినట్టే లెక్క. ఇది మన పురావస్తు శాఖలకు పాత జబ్బు, నయం కావాల్సిన జబ్బు.

జలాశయం అడుగున పూడిక ఆగలేదు. మొదట 308 టీఎంసీలు పట్టే జలాశయం ఇప్పుడు 215 టీఎంసీల దగ్గరికి వచ్చింది. ఆ తేడా చాలావరకు కృష్ణ, తుంగభద్రలు మోసుకొచ్చిన ఒండ్రు. మునిగిన ఊళ్ల మీద ఏటా ఒక పొర పరుచుకుంటోంది.

2021లో శ్రీశైలంలోనే ఒక మంచి ఉదాహరణ దొరికింది. పంచమఠాల్లో ఒకటైన ఘంటామఠం జీర్ణోద్ధరణ పనుల్లో రాగిరేకులు, వెండి నాణేలు బయటపడ్డాయి. దేవస్థానం వాటిని భద్రపరిచింది. మైసూరులోని భారత పురావస్తు సర్వే శాసన విభాగం పండితులు చదివారు. మఠం గోడల నడుమ దొరికాయని తెలిసింది కాబట్టే ఆ రేకులకు మఠం చరిత్రలో చోటు దొరికింది. అవే రేకులు ఒక పాతసామాన్ల అంగట్లో తేలి ఉంటే, రాగి బరువు లెక్కన ఖరీదు కట్టేవారు.

నల్లమలలో దీనికి పూర్తిగా విరుద్ధమైన తవ్వకాలు నడుస్తున్నాయి. గుప్తనిధులంటూ రాత్రిపూట నంది కింద, లింగం కింద, వీరగల్లు కింద గడ్డపారలు దిగుతున్నాయి. వాళ్లకు దాదాపు ఎప్పుడూ ఏమీ దొరకదు. శిల్పం పగులుతుంది, పునాది కదులుతుంది, పొరలు కలగాపులగమైపోతాయి. బంగారం దొరక్కపోవడం వాళ్ల నష్టం. ఆ కలగాపులగమైన మట్టి మనందరి నష్టం, దాన్ని తిరిగి సర్దగలిగేవాళ్లు ఎవరూ లేరు. శ్రీశైలం పరిసరాల్లో జరుగుతున్న నేరాల్లో ఇది చిన్నదని నేను అనుకోను.

చట్టం ఏనాడో ఉంది. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. పురావస్తు స్థలంలో తవ్వాలంటే అనుమతి కావాలి. మీ పొలంలో బోరుబావికో, ఇంటి పునాదికో తవ్వుతుండగా కుండపెంకులు, ఎముకలు, రాతిపలకల గూడు, రాగిరేకు ఏది తగిలినా పార ఆపండి. కడగొద్దు, తుడవొద్దు, ముక్కలు ఏరి సంచిలో వేయొద్దు. ఉన్నచోట ఉన్నట్టుగా, పక్కన ఒక పార పెట్టి ఫొటో తీయండి, ఎంత లోతో రాసుకోండి. తర్వాత మీ తహసీల్దారు కార్యాలయానికి చెప్పండి. వేసవిలో శ్రీశైలం వెనుకజలాలు తగ్గినప్పుడు తేలిన గట్ల మీద నడిచే పడవవాళ్లు, గొర్రెలకాపరులు, చేపలు పట్టేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకుంటే, వీరాపురం లాంటి ఇంకో ఊరి సంగతి వాళ్ల ద్వారానే మనకు తెలియవచ్చు.